ఆనందం పుస్తకాల్లో దొరుకుతుందా?
హుజ్జతుల్ ఇస్లామ్ ఇమామ్ గజాలీ (రహ్మలై) జీవితం నుంచి ఒక పాఠం

ఒకరోజు మగ్రిబ్ నమాజు తర్వాత ఒక యువకుడు మా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. చేతిలో ఒక సంచి, అందులో ఏడు పుస్తకాలు. అన్నీ ఆనందంగా జీవించడం ఎలాగో నేర్పే పుస్తకాలే. కొన్ని బస్టాండులో, కొన్ని పుస్తక ప్రదర్శనలో కొన్నాడట.

అతని బాధ ఇదీ. ప్రతి పుస్తకమూ మొదటి వారం బాగానే పని చేసింది. పొద్దున్నే అద్దం ముందు నిలబడి నవ్వమన్నారు, నవ్వాడు. రోజూ మూడు మంచి విషయాలు డైరీలో రాయమన్నారు, రాశాడు. కోరుకున్నది చేతికి అందినట్లే ఊహించుకోమన్నారు, అదీ చేశాడు. పది రోజులు గడిచేసరికి మళ్ళీ అదే గుబులు, అదే నిద్రలేమి. పైగా ఒక కొత్త బాధ వచ్చి చేరింది. చెప్పిన ప్రకారం చేస్తే ఎవరికైనా ఆనందం దొరికి తీరుతుందని ఆ పుస్తకాల్లో రాసి ఉంది. తనకు దొరకలేదంటే లోపం తనలోనే ఉందని అతను కుమిలిపోసాగాడు.

మన ధర్మంలో ఈ విషయం మీద మంచి పుస్తకం ఏదైనా ఉంటే చెప్పమని మమ్మల్ని అడిగాడు. మా నాలుక చివర ఒక పేరు సిద్ధంగానే ఉంది. ఉర్దూ తెలిసిన మన ఇళ్ళలో పెద్దలు గౌరవంగా తలచుకునే పుస్తకం, కీమియా-యె-సఆదత్. అయితే చెప్పబోయి ఆగిపోయాం. ఇప్పుడు పేరు చెబితే అది ఆ సంచిలో ఎనిమిదో పుస్తకం అవుతుంది, అంతే. అందుకని పుస్తకం పేరుకు బదులు, ఆ పుస్తకం రాసిన మహనీయుని జీవితం చెప్పాం. దాన్నే ఇక్కడ పాఠకుల ముందుంచుతున్నాం.

తూస్ పట్టణంలో ఒక అనాథ

ఇమామ్ అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ (రహ్మలై) హిజ్రీ 450లో, అంటే క్రీ.శ. 1058లో, ఖురాసాన్ ప్రాంతంలోని తూస్‌లో జన్మించారు. ఆ చోటు నేటి ఇరాన్‌లోని మష్‌హద్ నగరానికి దగ్గరలో ఉంది. తండ్రి ఉన్ని వడికి అమ్ముకొని బ్రతికే పేదవారు. తాను చదువుకోలేదు గానీ ధర్మపండితుల సభలకు వెళ్ళి ఒక మూల కూర్చునేవారు. తన సంతానంలో ఒక ధర్మశాస్త్రవేత్తనూ ఒక ఉపదేశకుణ్ణీ ప్రసాదించమని అల్లాహ్‌ను కన్నీళ్ళతో వేడుకునేవారని చరిత్రకారులు రాశారు. ఆ రెండు దుఆలూ ఫలించాయి. కానీ చూసుకోవడానికి ఆయన బ్రతికి లేరు.

మరణం దగ్గరపడిందని తెలిసి, ఆయన తన ఇద్దరు కొడుకులు ముహమ్మద్‌నూ అహ్మద్‌నూ ఒక సూఫీ మిత్రునికి అప్పగించారు. తన దగ్గరున్న కొద్దిపాటి సొమ్మూ ఇచ్చి, వాళ్ళకు చదువు చెప్పించమని కోరారు. కొంతకాలానికి ఆ సొమ్ము అయిపోయింది. ఆ మిత్రుడూ పేదవాడే. తిండి దొరకాలంటే మద్రసాలో చేరడం తప్ప దారి లేదని పిల్లలకు చెప్పి పంపించాడు. ఆ విధంగా చిన్నారి గజాలీ ఆకలి కారణంగా మద్రసా గడప తొక్కారు. తాము విద్యను అల్లాహ్ కోసం కోరలేదనీ, అయినా విద్య అల్లాహ్‌ది కాకుండా ఉండటానికి ఒప్పుకోలేదనీ ఆయన పెద్దయ్యాక తలచుకునేవారట.

దొంగల నాయకుడు నేర్పిన పాఠం

తూస్‌లో ప్రాథమిక విద్య ముగించుకొని ఆయన జుర్జాన్ పట్టణానికి వెళ్ళి చదువుకున్నారు. గురువుగారు చెప్పినదంతా కాగితాల మీద రాసుకొని ఇంటికి తిరిగి వస్తుండగా దారిలో దొంగలు బిడారును దోచుకున్నారు. యువకుడైన గజాలీ ప్రాణభయం కూడా లేకుండా దొంగల వెంటపడ్డారు. మిగతావన్నీ తీసుకొని, తన రాతలున్న సంచి మాత్రం ఇచ్చెయ్యమని బ్రతిమాలారు. తన చదువంతా అందులోనే ఉందన్నారు. దొంగల నాయకుడు నవ్వాడు. సంచి పోగానే పోయేది చదువెలా అవుతుందని ఎద్దేవా చేసి, సంచి తిరిగి ఇప్పించాడు.

ఆ మాట ఆయన గుండెలో గుచ్చుకుంది. అల్లాహ్ తనకు దారి చూపడానికే ఆ దొంగ చేత పలికించాడని భావించారు. తూస్‌కు వచ్చి మూడేళ్ళు కూర్చొని ఆ రాతలన్నీ కంఠస్థం చేశారు. విద్య సంచిలోంచి జ్ఞాపకంలోకి వచ్చింది. జ్ఞాపకంలోంచి హృదయంలోకి రావడానికి ఆయనకు మరెన్నో ఏళ్ళు పట్టింది. ఆయన జీవితమంతా ఈ రెండో ప్రయాణమే అని మాకు అనిపిస్తుంది.

కీర్తి శిఖరం

ఆ తర్వాత ఆయన నీషాపూర్ వెళ్ళి, ఇమాముల్ హరమైన్ అని పేరుపొందిన జువైనీ (రహ్మలై) శిష్యులయ్యారు. హిజ్రీ 478 (క్రీ.శ. 1085)లో గురువుగారు మరణించాక సల్జూక్ సామ్రాజ్య మంత్రి నిజాముల్ ముల్క్ ఆస్థానానికి చేరారు. అక్కడి పండిత చర్చల్లో ఆయనకు ఎదురు నిలిచినవారు లేరు. హిజ్రీ 484 (క్రీ.శ. 1091)లో మంత్రి ఆయన్ను బాగ్దాద్‌లోని నిజామియా మద్రసాకు ప్రధాన అధ్యాపకునిగా నియమించాడు. ఆనాటి ముస్లిం ప్రపంచంలో ఒక పండితుడు ఆశించగల పదవుల్లో అంతకన్నా పెద్దది లేదు. అప్పటికి ఆయన వయసు ముప్పై నాలుగేళ్ళు. ఇంచుమించు మా వయసే!

మూడు వందల మంది విద్యార్థులు ఆయన ముందు కూర్చొని పాఠాలు వినేవారు. ఖలీఫా దర్బారులోనూ ఆయన మాటకు విలువ ఉండేది. ఆ రోజుల్లోనే తత్వవేత్తల వాదాలను ఖండిస్తూ తహాఫుతుల్ ఫలాసిఫా అనే ప్రసిద్ధ గ్రంథం రాశారు. ఆయన బాగ్దాద్‌లో అడుగుపెట్టిన రోజున ఒంటి మీది దుస్తులకూ ఎక్కి వచ్చిన వాహనానికీ చూసినవారు 500 దీనార్ల వెల కట్టారని ఇబ్నుల్ జౌజీ (రహ్మలై) నమోదు చేశారు.

సొమ్ము, పేరు, పదవి, ఆరోగ్యం, సంతానం, పైగా ధర్మవిద్య. ఆనందానికి కావలసినవని లోకం లెక్కపెట్టేవన్నీ ఆయన ఇంట్లో ఉన్నాయి. ఒక్క ఆనందమే లేదు.

మూగబోయిన నాలుక

నియామకం జరిగిన మరుసటి ఏడాదే, క్రీ.శ. 1092లో, నిజాముల్ ముల్క్ హత్యకు గురయ్యాడు. కొద్ది వారాలకే సుల్తాన్ మలిక్ షా కూడా కన్నుమూశాడు. మహావృక్షాల్లాంటివాళ్ళు కళ్ళ ముందే కూలిపోయారు. ఆయన తన గురించి తాను ఆలోచించసాగారు.

అప్పటికే ఆయన అబూ తాలిబ్ మక్కీ, హారిస్ ముహాసిబీ వంటి పెద్దల పుస్తకాలు చదివేశారు. ఆత్మశుద్ధి గురించి పుస్తకాల ద్వారా తెలుసుకోగలిగినదంతా తెలుసుకున్నారు. తెలుసుకున్నాక ఆయనకు అర్థమైంది ఏమిటంటే, అసలు సంగతి ఆ పుస్తకాల్లో లేదని! ఆరోగ్యం అంటే ఏమిటో నిర్వచనం తెలిసి ఉండటం వేరు, ఆరోగ్యంగా ఉండటం వేరు. జబ్బుపడిన వైద్యునికి ఆరోగ్యం గురించి అంతా తెలుసు, కానీ ఆరోగ్యం మాత్రం లేదు. తన స్థితీ అంతేనని ఆయన గ్రహించారు. ప్రాపంచిక వ్యామోహం నుంచి హృదయాన్ని విడదీసుకోవడం గురించి ఆయన గొప్పగా బోధించగలరు. కానీ ఆయన హృదయం ఆ వ్యామోహంలోనే చిక్కుకొని ఉంది.

తర్వాత ఆయన తన సంకల్పాన్నే పరీక్షించుకున్నారు. తాను పాఠాలు చెబుతున్నది అల్లాహ్ ప్రీతి కోసమా, పేరుప్రతిష్ఠల కోసమా? పేరు కోసమేనని ఆయన మనస్సాక్షి బదులు చెప్పింది. అన్నీ వదిలి వెళ్ళిపోవాలని ఉదయం నిశ్చయించుకునేవారు. ఇంత పెద్ద పదవి మళ్ళీ దొరుకుతుందా అని సాయంత్రానికి మనసు వెనక్కి లాగేది. హిజ్రీ 488 రజబ్ నెల (క్రీ.శ. 1095) మొదలుకొని సుమారు ఆరు నెలలు ఈ సంఘర్షణ సాగింది.

చివరకు అల్లాహ్ ఆయన నాలుకకు తాళం వేశాడు. పాఠం చెప్పాలని కూర్చుంటే ఒక్క మాట కూడా బయటికి వచ్చేది కాదు. దిగులుతో ఆకలి చచ్చిపోయింది. ఒక్క ముద్ద దిగేది కాదు, గుక్కెడు నీళ్ళు కూడా అరిగేవి కావు. వైద్యులను పిలిపించారు. వాళ్ళు పరీక్షించి, ఈ జబ్బు గుండెలో పుట్టి ఒంటికి పాకిందనీ, లోపలి బెంగ తీరితే తప్ప మందులు పనిచేయవనీ చేతులెత్తేశారు.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఇంతటి ఇమామ్‌కే ఇలాంటి రోజులు వచ్చాయి. కాబట్టి దిగులు కలిగిన ప్రతివారినీ విశ్వాసం లేనివారని అనుమానించడం అన్యాయం. ఆయన వైద్యులకు చూపించుకున్నారన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఈనాడు మానసిక వ్యాధులకు మంచి చికిత్సలు ఉన్నాయి. మనసుకు జబ్బు చేస్తే వైద్యుని దగ్గరకు వెళ్ళడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) మనకు బోధించారు కూడా.

మినారు తలుపు వెనుక

దిక్కుతోచని మనిషి వేడుకున్నట్లు ఆయన అల్లాహ్‌ను వేడుకున్నారు. దాంతో పదవినీ కీర్తినీ వదలడం ఆయనకు తేలికైంది. మక్కా వెళ్తున్నానని పైకి చెప్పి, షామ్ దేశానికి వెళ్ళి ఉండిపోవాలని లోపల నిశ్చయించుకొని, హిజ్రీ 488 జిల్‌ఖాదా నెలలో బాగ్దాద్ విడిచారు. తన స్థానంలో పాఠాలు చెప్పడానికి తమ్ముడు అహ్మద్‌ను నిలబెట్టారు. ఆస్తి అంతా పంచిపెట్టారు. అయితే భార్యాబిడ్డల పోషణకు సరిపడేది మాత్రం తీసిపెట్టారు. కుటుంబాన్ని ఆకలికి వదిలేసి వెళ్ళడాన్ని ఆయన భక్తి అనుకోలేదు.

డమాస్కస్‌లో ఉమయ్యా జామె మసీదు మినారు ఎక్కి, తలుపు వేసుకొని రోజంతా ధ్యానంలో గడిపేవారు. నిన్నటిదాకా మూడు వందల మంది ఆయన ముందు కూర్చునేవారు. ఇప్పుడు చూసేవారు ఒక్కరూ లేరు. ఆ తర్వాత జెరూసలేం వెళ్ళారు. అల్‌ఖలీల్ పట్టణంలో హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహిస్సలామ్) సమాధి వద్ద మూడు ప్రతిజ్ఞలు చేశారు. ఏ సుల్తాన్ దర్బారుకూ వెళ్ళకూడదు, ఏ సుల్తాన్ సొమ్మూ తీసుకోకూడదు, ఎవరితోనూ వాదులాటకు దిగకూడదు. తనకు ఎక్కడ జబ్బు ఉందో సరిగ్గా అక్కడే మందు వేసుకున్నారన్నమాట. హిజ్రీ 489 (క్రీ.శ. 1096)లో హజ్ చేసి, మదీనాను దర్శించుకున్నారు.

మళ్ళీ బాగ్దాద్ వచ్చినప్పుడు, మొదట 500 దీనార్ల వెల కట్టినవారే ఈసారి ఆయన బట్టలకు 15 ఖీరాత్‌లు కట్టారట. అంటే ఒక దీనారు కూడా చేయవు.

పిల్లలు పిలిచారు

ఆయన ఎందుకు తిరిగి వచ్చారు? పిల్లలు రమ్మని పిలిచారు, వాళ్ళ మీది ప్రేమ లాక్కొచ్చింది. లోకాన్ని వదిలేసిన మనిషిని పిల్లల పిలుపు ఇంటికి తీసుకొచ్చింది! తూస్‌లోనూ ఏకాంతంగానే గడపాలనుకున్నారు. కానీ ఇంటి అవసరాలు, బ్రతుకుతెరువు సమస్యలు అడ్డొచ్చేవి. కోరుకున్న ఏకాగ్రత అప్పుడప్పుడు మాత్రమే కుదిరేదని ఆయనే చెప్పుకున్నారు. అయినా ఆశ వదులుకోలేదు. అడ్డంకి తొలగగానే మళ్ళీ మొదలుపెట్టేవారు. సుమారు పదకొండేళ్ళు ఇలాగే గడిచాయి.

ఇంటి పనులతో, పిల్లల ఏడుపులతో నమాజులో మనసు నిలవడం లేదని బాధపడే మన అక్కచెల్లెళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

సౌభాగ్యపు పరుసవేది

ఈ సంవత్సరాల్లోనే ఆయన ఇహ్యా ఉలూముద్దీన్ అనే మహాగ్రంథం రాశారు. అందులో 40 భాగాలున్నాయి. ఆరాధనలు, నిత్యజీవిత మర్యాదలు, నాశనం చేసే దుర్గుణాలు, కాపాడే సద్గుణాలు అని నాలుగు విభాగాలు. అందులోని కొన్ని హదీసుల బలహీనతను తర్వాతి పండితులు ఎత్తిచూపారు. హాఫిజ్ ఇరాఖీ (రహ్మలై) వాటి మూలాలను ఒక్కొక్కటిగా వెతికి వివరించారు. కనుక ఆ వివరణతో కలిపి చదవడం మంచిది.

అరబీ రాని సామాన్యుల కోసం ఆయన అదే విషయాన్ని ఫార్సీలో క్లుప్తంగా రాశారు. అదే కీమియా-యె-సఆదత్. కీమియా అంటే రాగిని బంగారంగా మార్చే విద్య. మన భాషలో పరుసవేది అంటాం. సఆదత్ అంటే సౌభాగ్యం. కాసేపు ఉండి పోయే ఉల్లాసం కాదు, మరణం తర్వాత కూడా నిలిచే భాగ్యం. పరుసవేది రాగికి పైపూత పూయదు, రాగినే మార్చేస్తుంది. ఈనాటి ఆనందం పుస్తకాల్లో చాలా వరకు రాగిని తళతళ తోముతాయి. ఆ మెరుపు పది రోజులుంటుంది.

ఆ గ్రంథం నాలుగు విషయాలతో మొదలవుతుంది. నిన్ను నువ్వు తెలుసుకోవాలి, నీ ప్రభువును తెలుసుకోవాలి, ఈ లోకం ఏమిటో తెలుసుకోవాలి, పరలోకం ఏమిటో తెలుసుకోవాలి. నిన్ను నువ్వు తెలుసుకో అని ఈనాటి పుస్తకాలూ చెబుతాయి. కానీ వాటి ప్రయాణం చాలా వరకు అక్కడే ఆగిపోతుంది. ఇమామ్‌గారికి అది గడప మాత్రమే. ప్రతి అవయవానికీ అది దేనికోసం సృష్టించబడిందో అందులోనే సుఖముంటుందని ఆయన వివరిస్తారు. కంటి సుఖం అందమైన దృశ్యంలో, చెవి సుఖం మధురమైన స్వరంలో, హృదయం సుఖం దాన్ని సృష్టించినవాణ్ణి గుర్తించడంలో. కంటికి ఆహారం తినిపిస్తే దాని ఆకలి తీరుతుందా? హృదయానికి సొమ్ము, పొగడ్త, ఊహ తినిపించినా అంతే.

హజ్ యాత్రికుడు, ఒంటె ఉపమానం కూడా అందులో ఉంది. ఒంటెకు మేత వేయాలి, నీళ్ళు పెట్టాలి, నిజమే. కానీ దాన్ని కడగడంలో, అలంకరించడంలోనే పొద్దు గడిపే యాత్రికుణ్ణి వదిలి బిడారు వెళ్ళిపోతుంది. ఒంటె మన శరీరం. కాబా వైపు మాత్రం ఒక్క అడుగూ పడలేదు!

చివరి రోజులు

క్రీ.శ. 1106లో నిజాముల్ ముల్క్ కొడుకు, మంత్రి ఫఖ్రుల్ ముల్క్ పట్టుబట్టడంతో ఆయన నీషాపూర్‌లోని నిజామియాలో మళ్ళీ పాఠాలు చెప్పారు. చూసేవారికి ఇది పాత పనే. కానీ అప్పుడు పేరు సంపాదించే విద్య బోధించాననీ, ఇప్పుడు పేరును వదులుకునే విద్య బోధిస్తున్నాననీ ఆయన చెప్పుకున్నారు. పని మారలేదు, సంకల్పం మారింది. కొంతకాలానికి అదీ విరమించి తూస్ చేరి, ఇంటి పక్కనే ఒక మద్రసా, ఒక ఖాన్‌ఖాహ్ నడుపుతూ గడిపారు.

హిజ్రీ 505 జమాదిస్సానీ 14వ తేదీ (క్రీ.శ. 1111 డిసెంబరు), సోమవారం. తెల్లవారుజామున వుజూ చేసి నమాజు చదివారు. తన కఫన్ తెప్పించుకున్నారు. దాన్ని ముద్దుపెట్టుకొని, కళ్ళకు అద్దుకొని, ప్రభువు ఆజ్ఞకు సిద్ధమన్నారు. ఖిబ్లా వైపు కాళ్ళు చాచి పడుకున్నారు. సూర్యుడు పొద్దెక్కకముందే కన్నుమూశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. బాగ్దాద్‌లో ముద్ద మింగలేకపోయిన మనిషి, మరణాన్ని ఇంత నెమ్మదిగా స్వీకరించారు. పరుసవేది పని చేసిందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

మనకు పాఠం

ఇక్కడ మా సంగతి కూడా ఒకటి చెప్పుకోవాలి. విద్యార్థి దశలో మేము కీమియా-యె-సఆదత్ ఉర్దూ అనువాదాన్ని మూడు వారాల్లో ముగించాం. కోపం గురించిన అధ్యాయం కింద గీతలు గీసుకున్నాం. మరునాడే భోజనాల దగ్గర పప్పు చల్లారిపోయిందని వంటమనిషి మీద విరుచుకుపడ్డాం. ఆ పెద్దాయన మారు మాట్లాడకుండా గిన్నె తీసుకెళ్ళి వేడి చేసి తెచ్చారు. పుస్తకం చదివింది మేము, ఆచరించింది ఆయన. ఆ రోజు సిగ్గుతో తల దించుకున్నాం.

కాబట్టి నిరాశ పడిన పాఠకుని తప్పేమీ లేదు. ఆ పుస్తకాల్లోని మంచి సలహాలను పారేయమనీ మేము చెప్పం. మేలును తలచుకోవడం, వేళకు నిద్రపోవడం, తోటివారితో నవ్వుతూ మాట్లాడటం మన ధర్మమూ నేర్పినవే. కానీ ఏ పుస్తకమైనా, చివరకు ఇమామ్‌గారి పుస్తకమైనా, మందుచీటీ లాంటిదే. చీటీని పదిసార్లు చదివితే జ్వరం తగ్గదు.

మరి మందు వేసుకోవడం ఎలా? మినారు ఎక్కమని ఇమామ్‌గారు అందరికీ చెప్పలేదు. వ్యాపారికి అర్థమయ్యే ఒక పద్ధతి చెప్పారు. పొద్దున్నే, పెట్టుబడి అప్పగించే ముందు భాగస్వామితో షరతు చేసుకున్నట్లు, మనసుతో షరతు చేసుకోవాలి. ఈ రోజు అల్లాహ్ ఇచ్చిన పెట్టుబడి, దీన్ని వృథా చేయరాదని. పగలంతా దాని మీద కన్నేసి ఉంచాలి. రాత్రి పడుకునే ముందు చిట్టా తీసి లాభనష్టాలు చూసుకోవాలి. లాభముంటే షుక్ర్, నష్టముంటే తౌబా.

ఆ యువకునికీ ఇదే చెప్పాం. అన్ని దుర్గుణాలతో ఒకేసారి యుద్ధం వద్దు, ఒక్కదాన్ని ఎంచుకోమన్నాం. నిద్రలేమికి వైద్యునికి చూపించుకోమని కూడా చెప్పాం. అతను కాసేపు ఆలోచించి, తన తమ్ముని జీతం తనకన్నా ఎక్కువైనప్పటి నుంచీ ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదని మెల్లగా చెప్పాడు. ఏడు పుస్తకాల్లో ఏదీ అతని చేత ఆ మాట చెప్పించలేదు. అసూయకు ఇమామ్‌గారు సూచించిన మందు చేదుగా ఉంటుంది. ఎవరి మీద అసూయ ఉందో వాళ్ళను నోరారా మెచ్చుకోవాలి, వాళ్ళ మేలు కోసం దుఆ చేయాలి. మనసు ఒప్పుకోకపోయినా చేయాలి. ఇషా అజాన్ అయింది. తమ్ముని పేరు పెట్టి దుఆ చేయడం ఈ నమాజులోనే మొదలుపెడతానని అతను లేచాడు.

అల్లాహ్ మన విద్యను సంచుల్లోంచి హృదయాల్లోకి దించుగాక! మన సంకల్పాలను శుద్ధి చేయుగాక! ఇహపరాల్లో నిజమైన సౌభాగ్యాన్ని మనకూ మన ఇంటివారికీ ప్రసాదించుగాక! ఆమీన్.